మేకపోతు చుట్టూ చేరిన జనం

కుంచె కబుర్లు: బొమ్మల గురించి పాఠకుల ప్రశ్నలు, కర్నూలు సినిమా బ్యానర్ ఆర్టిస్టు జవాబులు

ఈ నెల సంచీలో ఎక్కువ ఉత్తరాలు దెయ్యాల సినిమాల మీద, మంత్రగత్తెల బొమ్మల మీద వచ్చాయి. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు దాచి, వీటినే ఒకచోట చేర్చాను.

నమస్కారం మాస్టారూ. 'ద విచ్' అనే ఇంగ్లీషు సినిమా చూశాను. 1630 ప్రాంతంలో అమెరికాలో అడవి పక్కన ఒంటరిగా బతికే ఒక కుటుంబం, వాళ్ళ నల్ల మేకపోతు, అడవిలో మంత్రగత్తె. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా లెక్చరర్ గారితో చెబితే, "అందులో కొత్తదేమీ లేదమ్మా, అంతా గోయా బొమ్మల్లోదే" అన్నారు. ఎవరీ గోయా? ఆయన మాట నిజమేనా?
*– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల*

సగం నిజం అమ్మా. ఆ సగం చాలా విలువైనది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫ్రాన్సిస్కో గోయా స్పెయిన్ చిత్రకారుడు. 1746లో పుట్టి 1828లో పోయాడు. రాజుల బొమ్మలు, రాణుల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1792-93లో పెద్ద జబ్బు చేసి, ప్రాణం దక్కింది గానీ చెవులు పోయాయి. ఆ తర్వాత వేసిన బొమ్మల్లోకి చీకటి వచ్చి చేరింది. 1797-98లో ఒసూనా ప్రభువు దంపతుల విడిది ఇంటి కోసం మంత్రగత్తెల బొమ్మలు ఆరు వేసి ఇచ్చాడు. అందులో ఒకటి, 43 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు. మన దినపత్రిక పేజీ కంటే చిన్నది. కొమ్ములకు ఆకుల దండ చుట్టుకున్న మేకపోతు మధ్యలో కూర్చుని ఉంటుంది. చుట్టూ ఆడవాళ్ళు పసిపిల్లలను ఎత్తి దాని ముందుకు చాపుతుంటారు. ఒక పసివాడు ఎముకల గూడు. పైన నెలవంక, గబ్బిలాలు. భయంకరమైన విషయమే, అయినా రంగులు లేతగా ఉంటాయి. కథ చెబుతున్నట్టు ఉంటుంది.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 1819లో గోయా మాడ్రిడ్ శివార్లలో ఒక ఇల్లు కొన్నాడు. 1823 దాకా ఆ ఇంటి గోడల మీదే, సున్నపు పూత మీద నేరుగా నూనె రంగులతో పద్నాలుగు బొమ్మలు వేశాడు. ఎవరూ అడిగి వేయించుకున్నవి కావు, అమ్మడానికి వేసినవీ కావు. వాటికి ఆయన పేర్లు కూడా పెట్టలేదు. ఇప్పుడున్న పేర్లన్నీ తర్వాతి వాళ్ళు పెట్టినవే. లోకం వాటిని 'నల్ల చిత్రాలు' అంటుంది. వాటిలో మళ్ళీ అదే మేకపోతు, అదే మంత్రగత్తెల సభ. కానీ ఈసారి అది గోడ బొమ్మ, ఇప్పుడు మిగిలిన మేరకే 140 సెంటీమీటర్ల ఎత్తు, 438 సెంటీమీటర్ల వెడల్పు.

నేను చేసిన పని సినిమా బ్యానర్లు వేయడం. ఫోటో మీద గళ్ళు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, బొగ్గుతో ముఖం ఎత్తి, దుకాణాల మీదుగా రోడ్డు అవతలి మనిషికి కనిపించేటట్టు రంగు పూసేవాళ్ళం. పెద్ద కొలత బొమ్మలో ఏది వివరంగా వేయాలి, ఏది వదిలేయాలి అన్నదే ఆ పనిలో అసలు విద్య. ఆ కంటితో ఈ గోడ బొమ్మను చూడండి. మేకపోతును గోయా దాదాపు వదిలేశాడు. పక్కకు తిరిగిన ఒక నల్లటి ఆకారం, కొమ్ములు, గడ్డం, తెరిచిన నోరు. అంతే. కండ లేదు, వెంట్రుక లేదు. ఇక దాని ఎదురుగా గుంపుగా కూర్చున్న జనాన్ని చూడండి. ఒక్కొక్క ముఖానికీ ఎంత పనిచేశాడో! కనుగుడ్డు తెల్లటి భాగాన్ని ఒక్క కుంచె వేటుతో పెట్టాడు. ఒకరి నోరు వంకర, ఒకరి దవడ జారిపోయింది, ఇంకొకరు పక్కవాళ్ళ భుజం మీదుగా మెడ చాపారు. ఒకరి నుంచి ఒకరు విడిగా లేరు, ఒకే ముద్దగా అతుక్కుపోయారు. గుంపుకు కుడి చివర ఒక యువతి మాత్రం కుర్చీలో, చేతులు వెచ్చని చేతితొడుగులో దాచుకుని, విడిగా కూర్చుని చూస్తుంటుంది.

గోయా చూపించదలచింది మేకపోతును కాదు, మేకపోతును నమ్మిన జనాన్ని. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మీరు చూసిన సినిమాకు వద్దాం. రాబర్ట్ ఎగర్స్ 2015లో తీసిన సినిమా అది. ఆయన దర్శకుడు కాకముందు నాటకాలకు రంగాలంకరణ, దుస్తుల రూపకల్పన చేసిన మనిషి కాబట్టి కన్ను పదును. అడవిలోని మంత్రగత్తె ఆ సినిమాలో ఎంతసేపు కనిపిస్తుందో గుర్తు చేసుకోండి. చాలా తక్కువ. కెమెరా ఎక్కువసేపు నిలిచేది తల్లి ముఖం మీద, తండ్రి ముఖం మీద, పెద్ద కూతురి ముఖం మీద. పసిబిడ్డ మాయమైన తర్వాత ఆ ఇంట్లో ఒకరినొకరు అనుమానించుకోవడమే అసలు కథ. మేకపోతు మాత్రం మూలన నల్లగా నిలబడి ఉంటుంది. చివర మంట చుట్టూ ఆడవాళ్ళు గాలిలోకి లేచే దృశ్యం చూసినప్పుడు, గోయా ఆరు బొమ్మల్లోని మరొకటి కళ్ళ ముందుకు వస్తుంది. అది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. మొనదేలిన టోపీలు పెట్టుకున్న ముగ్గురు ఒక మనిషిని పట్టుకుని గాలిలో తేలుతుంటారు. కింద నేల మీద ఒకడు చెవులు మూసుకుని పడి ఉంటాడు. ఇంకొకడు తెల్లటి గుడ్డ తల మీద కప్పుకుని, ఏమీ చూడకుండా తప్పించుకుపోతుంటాడు. ఆ గుడ్డ కప్పుకున్నవాడిని ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు.

గోయా ఖాతాలోకి రాని సగం ఏమిటంటే, ఆ సినిమాలోని మాటలు చాలావరకు అప్పటి దినచర్య పుస్తకాల నుంచి, కోర్టు కాగితాల నుంచి తీసుకున్నవి. సినిమా చివర తెర మీద ఆ సంగతి రాసి ఉంటుంది, చాలామంది అప్పటికే లేచి వెళ్ళిపోతారు. మేకపోతు కూడా గోయా కంటే చాలా పాతది. దాని సంగతి కింద మరో ఉత్తరంలో వస్తుంది.

మంత్రగత్తె ముఖానికి ఆకుపచ్చ రంగు ఎందుకు వేస్తారు సార్? పాత పెయింటింగుల్లో అలాగే ఉండేదా?
*– ఎనిమిదో తరగతి విద్యార్థి, కర్నూలు*

లేదు బాబూ. పాత బొమ్మల్లో మంత్రగత్తెలు మామూలు చర్మపు రంగులోనే ఉంటారు. ఆకుపచ్చ ముఖం 1939లో వచ్చిన 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్' అనే అమెరికన్ సినిమాతో స్థిరపడింది. టెక్నికలర్ అనే అప్పటి రంగుల సినిమా పద్ధతిలో రంగులు బాగా పలకాలని చెడ్డ మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టన్ ముఖానికి ఆకుపచ్చ రంగు పూశారు. ఆ సినిమాకు మూలమైన పిల్లల పుస్తకంలో ఆమెకు అలాంటి రంగేమీ లేదు. ఒక్క సినిమా ప్రపంచం కన్నును ఎలా మార్చేస్తుందో చూశావా!

మా ఊళ్ళో ఒక ముసలామె ఉండేది. ఆమె చేతబడి చేస్తుందని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. మేము పిల్లలం ఆమె వాకిలి ముందు నడవకుండా పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు వయసు వచ్చాక ఆలోచిస్తే ఒక సందేహం. బొమ్మల్లోనైనా, సినిమాల్లోనైనా మంత్రగత్తె ఎప్పుడూ ముసలామే ఎందుకు?
*– ఒక పాఠకుడు, పత్తికొండ దగ్గరి పల్లె*

అన్నా, ఈ నెల ఒక్క ఉత్తరానికే జవాబు రాయమంటే నేను మీదే తీసుకునేవాడిని.

యూరప్‌లో అచ్చు యంత్రం వచ్చిన కొత్తలో, 1486-87లో హైన్రిక్ క్రేమర్ అనే మతాధికారి మంత్రగత్తెలను ఎలా పట్టుకోవాలి, ఎలా విచారించాలి, ఎలా శిక్షించాలి అని ఒక పుస్తకం అచ్చువేయించాడు. 1489లో ఉల్రిక్ మోలిటర్ అనే న్యాయవాది రాసిన మరో పుస్తకం వచ్చింది. అందులో చెక్క అచ్చుతో వేసిన బొమ్మలు ఉన్నాయి. కుండలో ఏదో వేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, జంతువు తలలతో కర్ర మీద ఎగురుతున్నవాళ్ళు. అచ్చులో వచ్చిన మొదటి మంత్రగత్తెల బొమ్మలు ఇవే. చదువు రానివాడికి కూడా బొమ్మ అర్థమవుతుంది కదా. అక్కడి నుంచి మంత్రగత్తెకు ఒక రూపం ఏర్పడింది.

1500 ప్రాంతంలో జర్మనీ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ ఒక చిన్న రాగి రేకు మీద చెక్కిన బొమ్మ ఉంది. ఒక ముసలామె మేకపోతు మీద వెనక్కు తిరిగి కూర్చుని స్వారీ చేస్తుంటుంది. మేకపోతు ఒకవైపు పోతుంటే ఆమె జుట్టు గాలికి వెనక్కు పోకుండా, అది పోయే వైపుకే ఎగురుతుంటుంది. కింద డ్యూరర్ తన సంతకంలోని ఒక అక్షరాన్ని కూడా తిరగేసి చెక్కాడు. లోకంలో అన్నీ తలకిందులు చేసేది మంత్రగత్తె అని ఆయన చెప్పిన తీరు అది. పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ ముసలామె ఒళ్ళు చూడండి. వేలాడే రొమ్ములు, ఎండిన కండరాలు, తెరిచిన నోరు. వయసు మీరిన ఏ పేదరాలి ఒళ్ళయినా అలాగే ఉంటుంది. దాన్నే పాపానికి గుర్తుగా నిలబెట్టాడు.

పదిహేనో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరప్‌లో ఈ నేరం మోపి చంపిన వాళ్ళు నలభై నుంచి అరవై వేల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో నాలుగింట మూడు వంతుల దాకా స్త్రీలే. వితంతువులు, పొరుగువాళ్ళతో పడనివాళ్ళు, బిచ్చమెత్తుకునేవాళ్ళు వాళ్ళలో ఎందరో ఉన్నారు. ఇంట్లో ఆవు చచ్చినా, పసిబిడ్డ పోయినా, పంట మాడినా వేలు చూపడానికి ఒకరు కావాలి. అడ్డం వచ్చే కొడుకు లేని ఆడమనిషి సులువుగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక మనిషి పేరు తప్పకుండా చెప్పాలి. 1610లో స్పెయిన్‌లోని లొగ్రోన్యో పట్టణంలో ఇలాంటి విచారణ జరిపి ఆరుగురిని సజీవంగా తగలబెట్టారు. ఆ న్యాయాధికారుల్లో ఒకరు అలోన్సో దె సలజార్. ఆయనకు మనసు ఒప్పలేదు. ఊరూరా తిరిగి, వందల మందిని అడిగి, సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పరీక్షించి పై అధికారులకు నివేదిక రాశారు. వీటి గురించి మాట్లాడుకోవడం, రాసుకోవడం మొదలుపెట్టే దాకా అక్కడ మంత్రగత్తెలూ లేరు, వాళ్ళ బారిన పడినవాళ్ళూ లేరు అన్నది ఆయన తేల్చిన మాట. 1614లో మతన్యాయస్థానం నిబంధనలు మార్చింది. మిగతా యూరప్‌లో ఇంకా మంటలు రేగుతున్న రోజుల్లోనే స్పెయిన్‌లో అవి దాదాపు ఆగాయి. గోయా ఆ దేశం వాడే. ఆ లొగ్రోన్యో విచారణ కాగితాలను ఎగతాళి వ్యాఖ్యలతో తిరిగి అచ్చువేయించిన రచయిత మొరతీన్ ఆయనకు స్నేహితుడు. అందుకే గోయా వేసిన మంత్రగత్తెలను చూసి జడుసుకోవడంతో ఆగిపోకూడదని అంటాను. ఆయన కోపమంతా మూఢనమ్మకం మీదే.

సినిమాల్లో ఈ మాటను అందరికంటే ముందు గట్టిగా చెప్పినవాడు డెన్మార్క్ దర్శకుడు బెంజమిన్ క్రిస్టెన్సెన్. ఆయన 'హెక్సన్' 1922లో స్వీడన్ కంపెనీ డబ్బుతో తీసిన మూకీ సినిమా. మొదట్లో పాత అచ్చు బొమ్మలను, చిత్రాలను ఒక్కొక్కటే తెర మీద పెట్టి, పాఠం చెప్పే పంతులులాగా కర్రతో చూపిస్తాడు. తర్వాత ఆ బొమ్మలకే ప్రాణం పోసి నడిపిస్తాడు. సైతాను వేషం తానే వేశాడు. కొమ్ములు, గోళ్ళు, ఆడించే నాలుక, అన్నీ ఉన్నాయి. అయినా ఆ సినిమాలో నా వెన్ను వణికింది సైతాన్ను చూసి కాదు. ఒక ముసలి నేతగత్తెను మతాధికారులు గదిలోకి తీసుకెళ్ళి హింసించి, తాను మంత్రగత్తెనని ఆమె చేతే చెప్పించే దృశ్యం ఉంది. ఆమె కన్నీళ్ళు ఆ ముఖం ముడతల్లో దారులు వెతుక్కుంటూ జారుతాయి. హింస తట్టుకోలేక ఆమె ఒక్కొక్కరి పేరే చెబుతుంది, ఆ పేర్లవాళ్ళంతా తర్వాత బలి. డ్యూరర్ చెక్కిన ఒళ్ళే అది, కానీ క్రిస్టెన్సెన్ ఆ ఒంటిలోని మనిషిని చూపించాడు.

నాకు మంత్రగత్తె బొమ్మలున్న బ్యానర్లు పని వచ్చినప్పుడు, పళ్ళూడిన ముసలి ముఖాన్ని పెద్దగా వేయమనేవాళ్ళు. నేను ఆ ముఖం మీదికి జుట్టు దించి, నీడలోకి తోసి, భయపడుతున్నవాళ్ళ కళ్ళను పెద్దవి చేసేవాడిని. థియేటర్ వాళ్ళకు నచ్చేది, జనం ఆగి చూసేవాళ్ళు. బస్సు దిగి బ్యానర్ కింద నుంచి నడిచిపోయే ఏ అవ్వకూ ఆ బొమ్మలో తన పోలిక కనిపించకూడదన్నది నా పట్టుదల.

మీ ఊరి ఆమె ఇంకా బతికి ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఆమె అరుగు మీద నలుగురూ చూసేటట్టు కాసేపు కూర్చోండి. మంచినీళ్ళు అడిగి తాగండి. ఎవరైనా ఆమెను బెదిరిస్తున్నా, చేయి చేసుకున్నా వెంటనే 112కు ఫోను చేయండి. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఇలాంటి ఊళ్ళకు వచ్చి ప్రదర్శనలు ఇస్తారు, పిలవండి. మహారాష్ట్రలో 2013లో, మన పక్కనే ఉన్న కర్ణాటకలో 2017లో దీని మీద ప్రత్యేక చట్టాలే చేశారంటే, ఇది పాతకాలపు మాట కాదని అర్థం.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. స్నేహితుల ఫోనుల్లో దెయ్యాల సినిమాలు చూసి, పుస్తకం నిండా మంత్రగత్తెలు, పుర్రెలు, గబ్బిలాలు గీస్తున్నాడు. ఇంట్లో అలాంటి బొమ్మలు ఉండకూడదని, కాల్చేయమని మా అత్తగారు అంటున్నారు. మాన్పించాలా?
*– ఒక గృహిణి, ఆదోని*

బొమ్మలు మాన్పించకండి అమ్మా. రాత్రిపూట ఆ సినిమాలు మాత్రం మాన్పించండి, ఆ వయసుకు అవి తగవు. భయాన్ని కాగితం మీద పెట్టగలిగిన పిల్లవాడికి దానికి ఒక కొలత తెలుస్తుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనిపిస్తుంది. కాల్చేస్తే మాత్రం ఆ బొమ్మలకు నిజంగానే ఏదో శక్తి ఉందని వాడికి మనమే నేర్పినట్టు అవుతుంది.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని బేతాళ కథలు చెప్పమని అడగండి. చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ ఆమెకు గుర్తుండే ఉంటుంది. భుజం మీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. ఎన్ని తరాల పిల్లలు ఆ బొమ్మను నట్టింట్లో పెట్టుకుని చదివారో! వాడికి బొగ్గు పుల్లలు కొనివ్వండి. గీసిన ప్రతి బొమ్మలోనూ భయపడుతున్న మనిషిని కూడా గీయమని చెప్పండి.

మాది తాడిపత్రి. 'పాతాళభైరవి' తీసిన కె.వి. రెడ్డి గారిది మా ఊరే అని గర్వంగా చెప్పుకుంటాం. మీరు ఎప్పుడూ విదేశీ చిత్రకారుల గురించే రాస్తారు. మన మాంత్రికులు, మన ఉగ్రరూపాలు మీ కంటికి ఆనవా?
*– విశ్రాంత ఉపాధ్యాయులు, తాడిపత్రి*

ఆనకపోవడమా అయ్యగారూ! నేను రంగు పట్టుకున్నదే వాటిని చూసి. 1951 నాటి ఆ సినిమాలో ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుడి కళ్ళు ఎవరు మరిచిపోగలరు? మార్కస్ బార్‌ట్లీ కెమెరా, గోఖలే, కళాధర్ గార్ల కళాదర్శకత్వం. ఆ గుహ, ఆ అమ్మవారి విగ్రహం నలుపు తెలుపుల్లో ఎంత బరువుగా నిలబడ్డాయి! నిర్మించిన వాళ్ళలో ఒకరైన నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. అంటే ఆ మాంత్రికుడిలో మన సీమ వాటా గట్టిదే.

నేను గమనించిన తేడా ఒకటి ఉంది. మన పాత కథల్లో భయపెట్టేది ఎక్కువగా మాంత్రికుడు, మగవాడు. విద్య ఉన్నవాడు, ఆశ హద్దు దాటినవాడు. ఆకలితో ఉన్న ముసలామె కాదు. ఇక పుర్రెలు, రక్తం, కోరలు చూస్తే యూరప్ చిత్రకారుడికి అవి సైతాను గుర్తులు. మనకు అవి చెడుకు గుర్తులు కావు. ఛిన్నమస్త దేవి తన తల తానే తెంచి చేత పట్టుకుంటే, అటూ ఇటూ ఆమె చెలికత్తెలు డాకిని, వర్ణిని నిలబడి రక్తధార తాగుతుంటారు. ఆ బొమ్మకు మనం దండం పెట్టుకుంటాం. లేపాక్షిలో మంటపం పైకప్పు నిండా పరుచుకున్న వీరభద్రుడిని తల వెనక్కు వాల్చి చూడండి. పదహారో శతాబ్దపు పని. ఎర్ర మట్టి రంగు, నల్లటి గీత, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు. ఆ గుడి గోడ మీది ఎర్రటి మరకలు, కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి విసిరితే పడినవని అక్కడివాళ్ళు చెప్పే కథ కూడా మీకు తెలిసే ఉంటుంది. అంతటి భయానకం గుడిలోనే ఉంది, భక్తితో కలిసి ఉంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళను చూశాను. మేకతోలును గీకి గీకి, వెలుతురు అవతలికి పారేంత పలచన చేస్తారు. రంగులు వేసి, నగల చోట సన్నటి రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే శూర్పణఖ ఒళ్ళంతా మండుతున్నట్టు కనిపిస్తుంది. గోయా బొమ్మల్లో భయం చీకట్లోంచి వస్తుంది, మన తోలుబొమ్మలో వెలుతురులోంచి వస్తుంది. మన సినిమావాళ్ళు ఈ ఆస్తిని ముట్టుకోకుండా వదిలేశారని నా బాధ. దానికి బదులు తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆడమనిషిని దెయ్యం చేశారు. తెల్లచీర మన ఇళ్ళలో ఎవరు కట్టుకునేవాళ్ళు? భర్త పోయినవాళ్ళు. అసలే శుభకార్యాలకు పిలవకుండా దూరం పెట్టిన వాళ్ళ బట్టనే దెయ్యానికి తొడిగారు. పత్తికొండ పాఠకుడికి రాసిన జవాబు ఇక్కడికీ వర్తిస్తుంది.

ఫోనుతోనే పది నిమిషాల హారర్ లఘుచిత్రం తీస్తున్నాం అన్నా. పుష్పగిరి దగ్గర ఒక పాత ఇల్లు దొరికింది. కానీ మా మంత్రగత్తెను చూస్తే నవ్వు వస్తోంది. పాత పెయింటింగుల నుంచి వెలుతురు గురించి ఏం నేర్చుకోవచ్చు?
*– ఒక యువకుడు, కడప*

ముందు ఆ ట్యూబ్‌లైటు తీసేయండి తమ్ముడూ. నవ్వు వచ్చేది మీ నటిని చూసి కాదు, గదంతా ఒకేలా వెలుగుతున్నందుకు.

1510లో హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ వేసిన మంత్రగత్తెల బొమ్మ ఒకటి వెతికి చూడండి. చెక్క అచ్చు. రెండు చెక్కలతో అచ్చువేశాడు. ఒక చెక్క నల్ల గీతలకు, రెండోది మొత్తం మీద పరిచే మధ్యరకపు రంగుకు. ఆ రెండో చెక్కలో అక్కడక్కడా తవ్వి వదిలేసిన చోట కాగితం తెలుపు బయటపడుతుంది. ఆ తెలుపే వెన్నెల, అదే కుండలోంచి లేచే ఆవిరి మీద మెరుపు. అంటే ఆయన వెలుతురును పెట్టలేదు, చీకటిని పరిచి వెలుతురును మిగిల్చాడు. మీరూ అలాగే చేయండి. గదిని పూర్తిగా చీకటి చేసి మొదలుపెట్టండి. ఒక్క దీపం తెచ్చి, తెరలో ఏమేమి కనపడాలో అంతవరకే బయటికి రానివ్వండి. ఫోనులో వెలుతురు కొలత తగ్గించి పెట్టండి, లేకపోతే అది చీకటిని బూడిద రంగు చేస్తుంది. గోడకు ఆనించి ఎవరినీ నిలబెట్టవద్దు. వెనక కనీసం ఒక గది లోతు చీకటి ఉండాలి.

దీపం కింద నుంచి రావాలి. ఎండ పైనుంచి పడి, ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉండే ముఖాలకే మన కన్ను పుట్టినప్పటి నుంచి అలవాటు పడింది. మంట నేల మీద ఉంటే నీడలు పైకి పాకుతాయి, తెలిసిన ముఖమే తెలియని ముఖం అవుతుంది. బ్యానర్ల మీద ఈ ముఖాలకు దవడ కింద పసుపు, బుగ్గకు నారింజ, కనుబొమల పైన ఊదా పూసేవాళ్ళం. నలుపును డబ్బాలోంచి నేరుగా వాడేవాడిని కాదు. దీపపు మసి నలుపు గుడ్డ మీద చచ్చినట్టు ఉంటుంది. నీలంలో ముదురు గోధుమ రంగు కలిపితే వచ్చే నలుపుకు లోతు ఉంటుంది. మీ పనిలో దానికి సరిసమానం, చీకట్లో దూరంగా కొద్దిపాటి నీలి వెలుతురు.

1781లో హెన్రీ ఫ్యూసెలి వేసిన 'పీడకల' బొమ్మ కూడా చూడండి. మంచం మీద నుంచి తల, చేతులు కిందికి వేలాడేసి పడుకున్న యువతి. పొట్ట మీద మరుగుజ్జు రూపం ఒకటి కూర్చుని ఉంటుంది. తెర సందులోంచి గుడ్డి కళ్ళ గుర్రం తల లోపలికి తొంగి చూస్తుంది. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టయిన్' సినిమాలో పెళ్ళికూతురు మంచం మీద పడి ఉన్న తీరు పక్కన ఈ బొమ్మను పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. చెప్పుకోవలసింది ఏమిటంటే, బొమ్మ మొత్తంలో తెల్లగా మెరిసేది ఆమె ఒక్కతే. మన కన్ను మొదట ఆమె మీదికి పోతుంది, తర్వాతే పొట్ట మీది రూపం కనిపిస్తుంది, అన్నిటికంటే చివర గుర్రం. మూడు అంచెల్లో భయం. మీ ప్రతి షాటులోనూ కన్ను ఏ వరుసలో నడవాలో ముందే కాగితం మీద గీసుకోండి. దీనికి ఎదురు ఉదాహరణ 1646 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు సాల్వతోర్ రోజా వేసిన మంత్రగత్తెల బొమ్మ. ఎండు చెట్టుకు వేలాడే శవం, అస్థిపంజరాలు, వికృత జంతువులు, అన్నీ ఒకేచోట కుక్కాడు. గంటసేపు చూడదగ్గ బొమ్మే. కానీ తెర మీద మీకు ఉండేవి నాలుగు సెకన్లు. మీరు గదిలో పెట్టిన నిమ్మకాయలు, పుర్రెలు, కుంకుమ, ముగ్గు, వీటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేయండి.

డ్యూరర్ ముసలామె జుట్టు గురించి పైన రాశాను. ఆ ఉపాయం మీకు ఉచితంగా దొరికిన వరం. సాంబ్రాణి పొగ ఒకవైపు పోతుండాలి, ఆమె కొంగు దానికి ఎదురు దిక్కుకు కదలాలి. తెర బయట ఇద్దరు మనుషులు, ఒక విసనకర్ర, ఒక సన్నని దారం చాలు. చూసేవాడికి ఏం తేడా ఉందో చెప్పలేడు, కుర్చీలో సర్దుకు కూర్చుంటాడు.

అన్నిటికంటే ముఖ్యం, ఆమెను చూస్తున్నవాళ్ళ ముఖాలు తీయండి. మీ చిత్రంలో సగం సేపు కెమెరా వాళ్ళ మీదే ఉండాలి.

గోయా గోడ బొమ్మలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? ఆ ఇల్లు ఉందా? మనలాంటివాళ్ళు చూసే వీలుందా?
*– ఒక పాఠకురాలు, అనంతపురం*

ఇల్లు లేదమ్మా, కూల్చేశారు. అంతకుముందే, 1874 నుంచి, ఆ ఇంటి యజమాని ఎర్లాంగెర్ అనే ధనికుడు ఒక నిపుణుడిని పెట్టి ఆ పద్నాలుగు బొమ్మలనూ గోడల మీద నుంచి కాన్వాసు మీదికి ఎత్తించాడు. 1878లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. 1881లో స్పెయిన్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం వెబ్‌సైటులో పెద్దవి చేసుకుని డబ్బు కట్టకుండా చూడవచ్చు.

గోడ మీద నుంచి ఎత్తే పనిలో బొమ్మలు బాగా దెబ్బతిన్నాయి. మేకపోతు బొమ్మ కుడివైపు ఒక మీటరుకు పైగా పోయింది. అదృష్టం కొద్దీ, ఎత్తడానికి ముందు లోరాన్ అనే ఫోటోగ్రాఫరు గోడల మీద ఉండగానే ఫోటోలు తీశాడు. అవీ దొరుకుతాయి. రెండూ పక్కపక్కన తెరిచి చూడండి. నంద్యాల అమ్మాయికి రాసిన జవాబులో కుడి చివర కూర్చున్న యువతి అని చెప్పాను కదా, పాత ఫోటోలో ఆమె చివర లేదు. ఆమెకు అవతల ఇంకా ఖాళీ జాగా ఉంది. జనానికీ ఆ ఖాళీకీ నడుమ ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. ఫోనులో కాకుండా కంప్యూటర్ తెర మీద చూడండి, ఆ కళ్ళ తెల్లటి చుక్కలు చిన్న తెర మీద కనిపించవు.